వానచినుకు ఇన్‌బాక్స్

"ఎలాగూ ఆ ఫోను పట్టుకునే ఉంటావుగా, చిన్నోడి ప్రచారం కూడా నువ్వే చూసుకో" అన్నారు మా ఆయన.

నేనప్పుడు మాడిన గిన్నె అడుగు గీకుతున్నాను. మోచేతుల దాకా సబ్బు నురగ. పీచు పట్టుకున్న చేతిలో ఆయనకి ఫోనెక్కడ కనిపించిందో ఆయనకే తెలియాలి. ఈ ఇంట్లో నా దగ్గరకొచ్చే ప్రతి పనీ 'ఎలాగూ' అన్న మాటను ముందు పంపించి తను వెనకాల వస్తుంది. ఎలాగూ లేచావుగా, కాఫీ పెట్టు. ఎలాగూ ఆ దారినే వెళ్తావుగా, అమ్మ మందులు తీసుకురా. ఎలాగూ ఇస్త్రీపెట్టె వేడిగా ఉందిగా, నావి రెండు చొక్కాలు కూడా. పన్నెండేళ్ళ కాపురంలో నేను చేసిన పనంతా నేను ఎలాగూ చేస్తున్న ఇంకేదో పనికి కొసరుగా పోయింది. నా జీతం వచ్చే పని కూడా అంతే. ఒంటిగంట దాకా ఒక అడ్వర్టైజింగ్ ఆఫీసులో కూర్చుని గోడరంగులకీ పరుపులకీ మాటలు రాస్తాను. 'కూర్చుని చేసే పనేగా' అంటారు మా అత్తగారు, కూర్చోవడం ఏదో మహా నేరమైనట్టు.

చిన్నోడంటే మా మరిది. నేను కాపురానికొచ్చేనాటికి పదకొండేళ్ళవాడు. వాడి లెక్కల పుస్తకాలకి అట్టలు వేశాను, వక్తృత్వ పోటీలకి ఉపన్యాసాలు రాసిచ్చాను, టైఫాయిడ్ వస్తే పదిరోజులు మంచం పక్కన కూర్చున్నాను. ఇప్పుడు లా ఆఖరి సంవత్సరం. రెండేళ్ళుగా పనిచేస్తున్న కాలేజీ విద్యార్థి సంఘానికి అధ్యక్షుడిగా నిలబడ్డాడు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, వీణ్ణి ముద్దు చెయ్యడంలో మా అత్తగారిని మించిపోయినవారు మా ఆయన. తమ్ముడు ఎన్నికలో గెలిస్తే రేపు పెద్ద వకీలు దగ్గర చేరొచ్చట, ఆ తర్వాత ఇంకెక్కడికైనా పోవచ్చట. ఎక్కడికి పోయినా మెట్లు తుడవాల్సింది నేనే కాబట్టి నన్నెవరూ అడగలేదు.

ఎన్నికల అధికారి ఆ కాలేజీ ఆర్థికశాస్త్రం మాస్టారు. ఆయన పెట్టిన నియమాల్లో ఒక్కటి మాత్రం గట్టిది: అభ్యర్థి తన పేరున ఆన్‌లైన్లో ఒకే పేజీ నడపాలి, దొంగ అకౌంట్లు పెడితే నామినేషన్ రద్దు. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి నవ్వారు. "అభ్యర్థి పెడితే అని ఉంది. వదిన పెడితే అని లేదు. వాడికి మాత్రం చెప్పకు. తెలియకపోతే వాడి తప్పు కాదుగా" అన్నారు. ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు తిప్పికొట్టే ఉద్యోగం ఆయనది. సన్న అక్షరాల్లో సందులు వెతకడం వెన్నతో పెట్టిన విద్య.

అలా వాడికి తెలియకుండా వాడి కోసం అయిదుగురిని పుట్టించాను. లైబ్రరీ ఫ్యాన్లు తిరగవని విసుక్కునే ఒకడు, హాస్టల్ తిండిని తిట్టిపోసే ఒకడు, ఆటల పిచ్చోడు, జోకుల రాయుడు. వాళ్ళు నలుగురూ తేలిగ్గానే వచ్చేశారు. ఏ ఎండకా గొడుగు పట్టడం మా ఆఫీసులో రోజూ చేసేదే. అయిదోది ఆడపిల్ల. ఫస్టియర్. ఆడపిల్లల ఓట్లు ఎదుటి అభ్యర్థికి పోతాయని మా ఆయన భయం, అందుకని 'ఒక మంచి అమ్మాయిని తయారుచెయ్యి' అన్నారు, చారులో ఉప్పు వెయ్యి అన్నంత మామూలుగా. ఆ అమ్మాయికి 'వానచినుకు' అని పేరు పెట్టాను. ఫొటో బదులు గొడుగు బొమ్మ.

ఆ పిల్లని తయారుచెయ్యడానికి నా దగ్గర సామాను అంతా ఉంది మరి. ఎడమచేతి వాటం ఇచ్చాను, నాదే. రాసేటప్పుడు సిరా అంతా అరచేతికి అంటుకుంటుందని రాశాను. క్లాసులో సందేహం అడగాలని లేచి, అందరూ తిరిగి చూసేసరికి ఏమీ లేదు సార్ అని కూర్చోవడం ఇచ్చాను. హాస్టల్ గదిలో కిటికీ పక్క మంచం కోసం పోట్లాడి గెలవడం మాత్రం నేను చెయ్యలేదు, ఆ పిల్ల చేసింది. పోస్టు చివర మరిచిపోకుండా చిన్నోడి గురించి ఒక మంచిముక్క. వారం తిరగకుండానే వందలమంది వెంటపడ్డారు. 'భలే రాస్తావే చినుకూ' అని ముక్కూమొహం తెలియని పిల్లలు మెచ్చుకుంటుంటే, కూర తాలింపు మాడిపోతున్నా తెలిసేది కాదు.

ఇది చెబితే నాకు పిచ్చంటారు గానీ, రెండోవారానికి ఆ పిల్ల ఇంట్లోకి వచ్చేసింది. గిన్నెలు తోముతుంటే వెనకాల గట్టు మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నట్టుండేది. తిరిగి చూస్తే నీళ్ళ బిందె. నాకు కోపం వచ్చే చోట ఆ పిల్లకి ముందే వచ్చేసేది. అత్తగారు ఏదో అంటే నేను సరే అత్తయ్యా అనేలోపు నా లోపల ఇంకెవరో ఛీ అనేవాళ్ళు. తడిచేతులు తుడుచుకుని ఫోను తీస్తే, రాద్దామనుకున్నది ఒకటి, రాసింది ఇంకొకటి. ఒకరోజు చిన్నోడి క్రీడా సదుపాయాల హామీ మీద నాలుగు ముక్కలు రాయబోయి ఇలా రాశాను: 'ఇంటినిండా మనుషులున్నా కొన్ని గదుల్లోకి నేను ఒంటరిగా వెళ్ళను.' పెట్టేశాక మళ్ళీ చదువుకున్నాను. పది నిమిషాల్లో తీసేశాను.

ఆ పది నిమిషాల్లో ఒకరు చూశారు.

రెండు రోజుల తర్వాత వానచినుకు ఇన్‌బాక్సులో ఒక మెసేజ్ ఉంది. 'చెల్లీ, నువ్వు తీసేసిన పోస్టు చూశాను. నువ్వు అతన్ని పొగుడుతూ రాస్తావు కాబట్టి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. సంఘం గదికి ఒక్కదానివే మాత్రం వెళ్ళకు. నేను సెకండియర్. ఇంతకంటే ఏమీ అడగకు.'

ఆఫీసు పని చెయ్యాల్సిన టైములో ఆ అయిదు వాక్యాలే చదువుతూ కూర్చున్నాను. సాయంత్రం మా ఆయనకి చూపించాను. "ఎదుటి పార్టీ ఎత్తు. ఎన్నికలప్పుడు ఇలాంటి బురద మామూలే. బ్లాక్ చేసెయ్" అన్నారు, వార్తల్లోంచి తల తిప్పకుండా. ఆయన మాట నిజమైతే బాగుండునని ఎంత అనుకున్నానో ఆ దేవుడికే తెలియాలి. ఎత్తే అయ్యుంటుందని పొద్దున్నే దువ్వెన పట్టుకుని అద్దానికి కూడా చెప్పుకున్నాను. కానీ బ్లాక్ చెయ్యడానికి వేలు రాలేదు.

ఆ ఆదివారం సాయంత్రం నేను వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. హాల్లో చిన్నోడు స్టూలు మీద కాళ్ళు బారచాపుకుని ఫోను చూసుకుంటున్నాడు, పక్కన మా అత్తగారు టీవీ. గట్టు మీద నా ఫోను మిణుకుమంది. వానచినుకుకి మెసేజ్. పంపింది చిన్నోడు.

'హాయ్ చినుకూ. నీ పోస్టులన్నీ చదువుతున్నా. నీలాంటి వాళ్ళు మా టీములో ఉండాలి.'

ముందు నాకు నవ్వొచ్చింది, నిజం. పాపం పిచ్చివాడు, గోడకి అటుపక్క కూర్చుని వదినని టీములోకి పిలుస్తున్నాడు అనుకున్నాను. వాడికి తెలియకపోతే వాడి తప్పు కాదని మా ఆయన వేసిన ఎత్తుకి ఇలాంటి కొస కూడా ఉంటుందని మా ఇద్దరికీ తట్టలేదు. 'థాంక్యూ అన్నయ్యా' అని పంపాను.

'అన్నయ్యా గిన్నయ్యా వద్దు. ఎడమచేతివాళ్ళు భలే ఉంటారంట. చెయ్యి ఫొటో పంపు.'

"వదినా, కాఫీ!" హాల్లోంచి అరిచాడు.

తీసుకెళ్ళి ఇచ్చాను. తలెత్తలేదు. బొటనవేళ్ళు రెండూ టకటకా ఆడుతున్నాయి. "చక్కెర తక్కువైంది" అన్నాడు, కప్పు నోటికి తగలకముందే. మా అత్తగారు "దానికి ఈమధ్య పరధ్యానం ఎక్కువైందిలే నాన్నా" అంది. తిరిగి వంటింట్లోకి వచ్చేసరికి గట్టు మీద ఆ మెసేజ్ నాకోసం ఎదురుచూస్తోంది. 'రేపు అయిదు దాటాక సంఘం గదికి రా. అప్పుడెవరూ ఉండరు, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.'

నా వేళ్ళు కాదవి. ఆ పిల్ల వేళ్ళే రాశాయి: 'ఎవరైనా చూస్తే?'

'చూసినా, నువ్వే వెళ్ళి చెప్పుకున్నా, నిన్నే అంటారు. నన్నెవరంటారు?' చివర నవ్వుతున్న బొమ్మ.

కత్తిపీట పక్కకి జరిపి నేల మీద కూర్చుండిపోయాను. ఆ మాట నాకు తెలుసు. ఆ నవ్వు కూడా తెలుసు. రెండేళ్ళ కిందట స్టోర్‌రూంలో, అటక మీంచి సూట్‌కేసు దించడానికి నేను స్టూలెక్కి రెండు చేతులూ పైకెత్తి ఉన్నప్పుడు, వెనకనుంచి వచ్చిన రెండు చేతులు నా నడుం దగ్గర మొదలై అక్కడ ఆగలేదు. సూట్‌కేసు వదిలేస్తే నా తల మీదే పడుతుంది. వదల్లేదు. ఆ కాసేపు నేను సూట్‌కేసునే పట్టుకుని ఉన్నాను, అది తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది. దిగి తోసేశాను. వాడు నవ్వాడు. "సరదాకి వదినా. ఎవరికి చెప్పుకున్నా నిన్నే అంటారు" అన్నాడు. నేను అట్టలు వేసిన లెక్కల పుస్తకాల కుర్రాడు. కంచే చేను మేసిందని అంటారే, కాదు. చేనే కంచెని మేసింది.

అది జరిగిన మర్నాడు మా అత్తగారికి చెప్పాను. ఆవిడ నేను చెప్పింది విని, తలుపు దగ్గరికి వేసి వచ్చి, చాలా మెల్లగా, చాలా ప్రేమగా మాట్లాడింది. "అమ్మాయ్, వాడికి నువ్వు తల్లి తర్వాత తల్లివి. పడిపోతావేమోనని పట్టుకుని ఉంటాడు. అంతా మన మనసులోనే ఉంటుంది. ఇది నా కొడుకు చెవిన పడితే అన్నదమ్ములు విడిపోతారు, ఆ పాపం నీ నెత్తినే. కడుపులో పెట్టుకో." పెట్టుకున్నాను. కడుపు కూడా ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత ఈ ఇంట్లో ఏ గదిలోనూ గుమ్మానికి వీపు పెట్టి నిలబడలేదు. గిన్నెలు తోముతున్నా సగం పక్కకి తిరిగి తోముతాను. వెనకాల గట్టు మీద ఎవరో ఉన్నట్టు ఎందుకు అనిపిస్తోందో అప్పుడు అర్థమైంది. నేను పుట్టించానని మురిసిపోయిన పిల్ల రెండేళ్ళుగా అక్కడే ఉంది.

ఫోను తీసుకున్నాను. సెకండియర్ అమ్మాయికి రాశాను. 'అక్కా, నాకూ జరిగింది.'

ముప్ఫై అయిదేళ్ళ మనిషిని, ఇరవై ఏళ్ళ పిల్లని అక్కా అని పిలిచి చెప్పుకున్నాను. నిమిషంలో జవాబొచ్చింది. తర్వాత ఒకదాని వెనక ఒకటి. సంఘం గది, కిందటి ఏడాది వార్షికోత్సవం పనులు, తలుపు గడియ, చెప్పుకుంటే నిన్నే అంటారన్న మాట. ఆ అమ్మాయి ఇంట్లో చెప్పలేదు, రూమ్మేట్లకి చెప్పలేదు. ఆఖరి మెసేజ్ ఇది: 'శుక్రవారం పోలింగ్. గెలిస్తే అధ్యక్షుడి హోదాలో ఫిర్యాదుల కమిటీలో అతనే కూర్చుంటాడు. గురువారం నాలుగింటికి ఇప్పటి కమిటీ ఆఖరి మీటింగ్. ఒక్కదాన్నే వెళ్తే ఎన్నికల కుట్ర అంటారు. నువ్వు తోడొస్తే వెళ్తాను. రాకపోతే ఇంక జన్మలో ఈ మాట ఎవరి దగ్గరా ఎత్తను. ఏం చెల్లీ, వస్తావా?'

లేని పిల్ల ఎలా వస్తుంది? పిల్ల లేదని చెబితే ఆ అమ్మాయి జన్మలో ఇంకెవరిని నమ్ముతుంది? రెండు రోజులు జవాబివ్వలేదు. ఆ రెండు రోజులూ ఇంట్లో ఎటు వెళ్ళినా ఆ పిల్ల నాతో పాటే వచ్చింది. దుప్పట్లు మడుస్తుంటే అవతలి కొసలు పట్టుకుని నిలబడి నా మొహంలోకి చూసింది. కళ్ళు దించుకున్నది నేనే.

బుధవారం పొద్దున మా ఆయన బూట్లు వేసుకుంటుంటే ఫోను ఆయన చేతిలో పెట్టాను. "మీ తమ్ముడు వానచినుకుకి రాసినవి చదవండి." చదివారు. కిందకి జరుపుతూ మొత్తం చదివారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను, ఎక్కడైనా ఒక గీత కదులుతుందేమోనని.

"వాడికి నువ్వని తెలీదు కదా."

"నేను కాకపోతే?"

"వయసులో ఉన్న కుర్రాడు, అమ్మాయితో నాలుగు మాటలు మాట్లాడితే కొంపలంటుకున్నాయా? పోలింగ్ ఎల్లుండి. ముందా అకౌంటు మూసెయ్. వాడు గెలిచాక నేను మందలిస్తాలే."

"అది కాదండీ, ఇంకో అమ్మాయి…"

"ఇదిగో" అన్నారు లేస్తూ, "మళ్ళీ ఆ స్టోర్‌రూం గోల మొదలెట్టకు."

స్టోర్‌రూం సంగతి నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన వెళ్ళిపోయాక తలుపు వెయ్యడం కూడా మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. అంటే ఆయనకి తెలుసు. తల్లి చెప్పింది, కొడుకు విన్నాడు, ఇద్దరూ కలిసి మింగేశారు. ఆయన చెవిన పడకూడదని నేను రెండేళ్ళు పళ్ళ బిగువున దాచింది ఆయన చెవిలోనే భద్రంగా ఉంది. పోయిన సెలవుల్లో 'ఎలాగూ స్టోర్‌రూంలోకి వెళ్తున్నావుగా, ఆ నల్ల సూట్‌కేసు దించు' అన్నది తెలిసే. చిన్నోడు ఇంట్లో ఉన్నప్పుడు తన క్యాంపులకి బట్టలు సర్దించుకుని వెళ్ళింది తెలిసే. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా కోపం వచ్చింది. అంత కోపం నా ఒంట్లో పడుతుందని నాకే తెలియదు. లోపలికి వచ్చి ఆ అమ్మాయికి రెండక్షరాలు పంపాను. 'వస్తా.'

గురువారం ఇంట్లో ఆఫీసు పనుందని చెప్పి కాలేజీకి వెళ్ళాను. గేటు నుంచి క్యాంటీన్ దాకా ప్రతి స్తంభానికీ చిన్నోడి మొహం. ఆ మొహం కింద మాటలన్నీ నావే. 'మీ ఇంటి మనిషి' అని రాసింది నేనే, మెచ్చుకుని పెద్ద అక్షరాల్లో వేయించింది మా ఆయన. నాలుగడుగులకొకసారి నా మాటలు నాకే ఎదురొస్తుంటే కాళ్ళు వెనక్కి లాగాయి. తిరిగి వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. అది కూడా అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

క్యాంటీన్ మూల బల్ల దగ్గర ఒక అమ్మాయి. గోధుమరంగు సంచీ తెస్తానంది, అదే సంచీ. ముందు ఖాళీ ఫిర్యాదు ఫారాలు రెండు. గుమ్మంలోకి వచ్చే ప్రతి చిన్నపిల్ల మొహంలోకీ ఆశగా చూస్తోంది. నన్ను చూసింది, నా మీంచి దాటుకుని వెనకాలకి చూసింది. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"సారీ ఆంటీ, ఇక్కడ మా చెల్లి వస్తుంది."

"వానచినుకేనా?"

మొహం పాలిపోయింది. సంచీ దగ్గరికి లాక్కుంది. "మీరెవరు? అతని తరఫువాళ్ళా?"

"అతని వదినని."

లేచి నిలబడింది. నేను చెయ్యి పట్టుకోలేదు. వెనకనుంచి గానీ ముందునుంచి గానీ ఈ అమ్మాయిని ఇంకెవరూ అడక్కుండా పట్టుకోకూడదు అనిపించింది. "ఆ పిల్ల లేదమ్మా. నేనే రాశాను, ఆ పిల్లవీ, ఇంకో నలుగురివీ. ఎన్నికల అధికారికి ఆ సంగతి ఇవాళే చెప్తాను. మోసం చేశాను, నన్ను తిట్టు. కానీ నాకూ జరిగింది అన్నాను చూడు, అది మాత్రం అబద్ధం కాదు" అన్నాను.

ఫారాల వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది. తర్వాత కుర్చీ కొసన కూర్చుంది.

"ఎప్పుడు?"

"రెండేళ్ళయింది."

వేళ్ళు మడిచింది. "నాకు పద్నాలుగు నెలలు." తలెత్తి నావైపు చూసింది. "అంటే నాకంటే ముందే మీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసీ, ఓట్లెయ్యమని రాశారు."

"రాశాను."

అటువైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. 'పర్లేదు ఆంటీ' అంటుందేమోనని నాలో ఒక మూల కాచుక్కూర్చున్న ఆశ సిగ్గుతో చచ్చింది. అనలేదు. ఎందుకనాలి? గోడ గడియారం పావుతక్కువ నాలుగు. ఒక ఫారం నావైపు తోసింది.

"అయితే ముందు మీరు నింపండి. మీది పైన ఉంటేనే నాది కింద పెడతాను."

పేరు రాశాను. ఆరోపణ ఎవరి మీదో రాశాను. అతనితో సంబంధం అన్న చోట 'వదిన' అని రాశాను. జరిగింది జరిగినట్టు, సూట్‌కేసుతో సహా రాశాను. ఆఖరి గడిలో 'ఫిర్యాదు ఆలస్యమైతే అందుకు కారణం' అని ఉంది. అమ్మాయి నా పెన్ను వైపే చూస్తోంది. అందంగా ఒక్క ముక్క తట్టలేదు. ఉన్నదే రాశాను:

'ఆ రోజు నుంచి ఇవాళ పొద్దుటి దాకా, రెండు పూటలా, అతనికి అన్నం వడ్డిస్తున్నాను.'